స్టాక్ సింక్ అవ్వట్లేదు, లిస్టింగ్ లైవ్ రావట్లేదు: ఎక్కడ వెతకాలి?

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో, దాంతోపాటు సొంత షాపిఫై సైటు, వీటన్నిటినీ ఒకే సాఫ్ట్‌వేర్‌కి కలిపి నడిపేవాళ్ల కోసం ఇది. యూనికామర్స్ వాడినా ఈజీఈకామ్ వాడినా ఇంకోటి వాడినా మెనూల పేర్లు మారతాయి గానీ వచ్చే తలనొప్పులు అవే. ఉదాహరణకి మంగళగిరి చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్మే షాపు అనుకుందాం. ఒక్కో డిజైన్‌లో ఒక్క పీసే ఉండే సరుకు కాబట్టి తప్పు జరిగితే అదే రోజు తెలిసిపోతుంది.

సపోర్ట్‌కి ఫోన్ చేసే ముందు ఒక ఎస్‌కేయూ (ఒక్కో వస్తువుకి మీరు పెట్టుకునే కోడ్) తీసుకుని మూడు చోట్ల చూడండి: సాఫ్ట్‌వేర్‌లో స్టాక్ ఎంత, సెల్లర్ ప్యానెల్‌లో ఎంత, కస్టమర్‌కి కనిపించే పేజీలో ఏముంది. సాఫ్ట్‌వేర్‌లోనే అంకె తప్పుంటే ఆర్డరో రిటర్నో సరిగ్గా ఎక్కలేదు. సాఫ్ట్‌వేర్‌లో కరెక్టుగా ఉండి ప్యానెల్‌లో తప్పుంటే మ్యాపింగ్ (లిస్టింగ్‌ని మీ ఎస్‌కేయూకి కలపడం) గానీ ఫీడ్ (సాఫ్ట్‌వేర్ పంపే డేటా ఫైల్) గానీ చూడాలి. ప్యానెల్‌లో కూడా సరిగ్గానే ఉండి పేజీలో లేదంటే ఆ ఛానెల్, అంటే అమెజానో ఫ్లిప్‌కార్టో, మీ లిస్టింగ్‌ని ఆపేసినట్టు. ఈ మూడు ముక్కలు చూడకుండా రీఫ్రెష్ కొడుతూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఒకే చీర ఇద్దరికి అమ్ముడైపోయింది

అందరూ "సింక్ స్లో" అంటారు. అది ఒక కారణమే, కానీ నేను ముందు మ్యాపింగ్ చూస్తాను. అదే చీర అమెజాన్‌లో రెండు లిస్టింగులుగా ఉండి, ఒకటి మాస్టర్ ఎస్‌కేయూకి కలిసి, రెండోది ఎవరికీ పట్టకుండా పాత స్టాక్‌తో లైవ్‌లో ఉండిపోవడం చాలా మామూలు. సాఫ్ట్‌వేర్‌లో మ్యాప్ కాని లిస్టింగుల జాబితా ఎక్కడో ఒకచోట ఉంటుంది, అది ఖాళీ అయ్యేదాకా మిగతావి తర్వాత.

రెండోది పెండింగ్ ఆర్డర్లు. అమెజాన్‌లో పేమెంట్ ఖరారయ్యేదాకా ఆర్డర్ పెండింగ్‌లో ఉంటుంది. అమెజాన్ తన దగ్గర ఆ పీస్ తగ్గించేసుకుంటుంది, కానీ మీ సాఫ్ట్‌వేర్ పెండింగ్‌ని లెక్కలోకి తీసుకోకపోతే ఫ్లిప్‌కార్ట్‌లో ఆ చీర ఇంకా అమ్మకానికే ఉంటుంది. పెండింగ్ ఆర్డర్‌కి స్టాక్ బ్లాక్ చేసే సెట్టింగ్ ఉందేమో వెతికి ఆన్ చేయండి.

మూడోది రిటర్న్. పార్సిల్ ఇంకా దారిలో ఉండగానే స్టాక్ ఒకటి పెరిగిపోతుంది. చీర వచ్చి, మడత విప్పి చూసి, మరక లేదని తేలాకే స్టాక్‌లో కలిసేలా పెట్టుకోవాలి.

ఇక బఫర్ సంగతి, అంటే ఛానెల్‌కి చూపించకుండా పక్కన పెట్టుకునే పీసులు. "ఎప్పుడూ రెండు పీసులు బఫర్ పెట్టండి" అని అందరూ చెప్పే సలహా రన్నింగ్ డిజైన్లకి బాగానే పనిచేస్తుంది, కానీ ఒక్క పీసే ఉన్న చీరకి ఒకటి బఫర్ పెడితే ఛానెల్‌కి సున్నా వెళ్తుంది, అంటే అది ఎప్పటికీ లైవ్ అవ్వదు. అలాంటి సరుకుని నాలుగు చోట్లా పెట్టడమే నా దృష్టిలో తప్పు. ఒక ఛానెల్‌లో పెట్టండి, రెండు వారాలు కదలకపోతే ఇంకో దాంట్లోకి మార్చండి. ఎందుకింత పట్టుదల అంటే, డిస్పాచ్‌కి ముందు మీరు క్యాన్సిల్ చేసే ఆర్డర్లు 2.5 శాతం లోపే ఉండాలని అమెజాన్ రూలు. వంద ఆర్డర్లలో మూడు క్యాన్సిల్ చేస్తే గీత దాటేసినట్టే.

బల్క్ షీట్ అప్‌లోడ్ చేస్తే సగం ఎస్‌కేయూలు "దొరకలేదు"

ఎక్సెల్! సీఎస్‌వీ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసిన క్షణంలోనే పని చెడుతుంది. మన దేశపు బార్‌కోడ్ 890తో మొదలయ్యే 13 అంకెలు, దాన్ని ఎక్సెల్ కుదించి, చివర ఈ ప్లస్ 12 అని చూపిస్తుంది, మీరు అలాగే సేవ్ చేస్తే సీఎస్‌వీలోకి ఆ కుదించిన ముక్కే వెళ్తుంది, అసలు అంకెలు పోయినట్టే. సున్నాతో మొదలయ్యే కోడ్‌లకి ఆ సున్నా ఎగిరిపోతుంది. ఇంకా తమాషా ఏంటంటే, మెరూన్ రంగుకి గుర్తుగా ఇంగ్లిష్‌లో మొదటి మూడక్షరాలు రాసి గీత పెట్టి 5 అంటే, ఎక్సెల్ దాన్ని మార్చి నెల 5వ తారీఖుగా చేసేస్తుంది.

పాడైన షీట్‌ని బాగుచేసే ప్రయత్నం వద్దు. ఛానెల్ నుంచి మళ్లీ కొత్తగా డౌన్‌లోడ్ చేసి, ఎక్సెల్‌లో డేటా ట్యాబ్ నుంచి ఫైల్‌ని ఇంపోర్ట్ చేసుకుంటూ ఎస్‌కేయూ, బార్‌కోడ్ కాలమ్‌లని టెక్స్ట్‌గా పెట్టండి. డిస్క్రిప్షన్‌లో తెలుగు ఉండి అది ప్రశ్నార్థకాలుగా మారుతుంటే, సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాకుండా యూటీఎఫ్-8 సీఎస్‌వీ ఎంచుకోండి.

సాఫ్ట్‌వేర్‌లో "సక్సెస్", అమెజాన్‌లో ఏమీ లేదు

ఆ సక్సెస్‌కి అర్థం చాలాసార్లు ఫైల్ అందింది అని మాత్రమే, ఒప్పుకున్నారని కాదు. ప్రాసెసింగ్ రిపోర్ట్ తెరిస్తే ఎర్రర్ నంబర్ దొరుకుతుంది.

8541 వస్తే, మీరిచ్చిన బార్‌కోడ్ ఇప్పటికే క్యాటలాగ్‌లో ఇంకో ఏసిన్‌కి (అమెజాన్ ఒక్కో వస్తువుకి ఇచ్చే నంబర్) ఉంది, మీరు రాసిన టైటిలో బ్రాండో రంగో దాంతో కలవట్లేదు. నిజంగా అదే వస్తువైతే కొత్త పేజీ ఆశ వదిలేసి ఆ ఏసిన్ కిందే మీ ధర, స్టాక్ పంపండి. వేరే వస్తువైతే ఆ బార్‌కోడ్ మీది కాదన్నమాట. ఎక్కడో చవగ్గా కొన్న కోడ్‌లతో వచ్చే గొడవ ఇదే, బార్‌కోడ్‌లు ఇచ్చే సంస్థ జీఎస్1 ఇండియా దగ్గర మీ పేరు మీద తీసుకోవడమే దారి.

5665 అంటే బ్రాండ్ పేరుకి అనుమతి లేదు. బ్రాండ్ లేని చేనేత సరుకైతే బ్రాండ్ గడిలో షాపు పేరు రాయకుండా జెనెరిక్ అని పెట్టి, బార్‌కోడ్ మినహాయింపుకి (బార్‌కోడ్ లేకుండానే లిస్ట్ చేసే అనుమతి) అప్లై చేసేటప్పుడు కూడా అదే పేరు, అదే స్పెల్లింగ్ ఇవ్వండి.

లైవ్‌లో ఉంది, సెర్చ్‌లో రావట్లేదు

ఎక్కువగా మెయిన్ ఫోటో. అమెజాన్‌కి వెనక తెల్లరంగు స్వచ్ఛంగా ఉండాలి, ఫ్రేమ్‌లో కనీసం 85 శాతం వస్తువే నిండాలి. మంచం మీద పరిచి తీసిన ఫోటో రెండో ఫోటోగా పెట్టుకోండి. టైటిల్ 200 అక్షరాలు దాటిందేమో కూడా చూడండి.

ధర మార్చినా మారట్లేదు

ఛానెల్ కమిషన్ కోసం ఫలానా శాతం కలుపు అని సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడో రూల్ పెట్టి మర్చిపోయి ఉంటారు. ఆ లెక్కతో అమ్మకం ధర ఎంఆర్‌పీ దాటితే ఛానెల్ ఒప్పుకోదు, చట్టం కూడా ఒప్పుకోదు. అమెజాన్‌లో అయితే కనిష్ఠ, గరిష్ఠ ధరల గడులు కూడా చూడాలి. పండగ ఆఫర్‌కి తగ్గించిన ధర ఆ కనిష్ఠం కంటే కిందికి పోతే ప్రైసింగ్ ఎర్రర్ అని లిస్టింగ్‌నే ఆపేస్తుంది.

పన్లో పనిగా ట్యాక్స్ టెంప్లేట్ కూడా తెరవండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కుట్టిన బట్టలకి పీస్ ధర ₹2,500 వరకు 5 శాతం, దాటితే 18 శాతం. పాత టెంప్లేట్లలో ₹1,000 హద్దు, 12 శాతం ఇంకా అలాగే కూర్చుని ఉంటే ప్రతి ఇన్‌వాయిస్ తప్పే.

ఒక్కసారిగా మొత్తం ఆగిపోయింది

అన్ని ఛానెల్స్ ఆగితే సాఫ్ట్‌వేర్ వాళ్ల సర్వర్. ఒక్కటే ఆగితే ఆ ఛానెల్ అనుమతి గడువు అయిపోయి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కి మీరిచ్చే అమెజాన్ అనుమతిని ఏడాదికోసారి రెన్యూ చేయాలి, క్యాలెండర్‌లో రాసుకోండి.

మళ్లీ కనెక్ట్ చేశాక జరిగే పొరపాటే అసలు నష్టం. కనెక్ట్ అయింది కదా అని వెంటనే ఫుల్ సింక్ నొక్కితే, ఆగిన రోజుల్లో అమ్ముడైన చీరలన్నీ పాత స్టాక్‌తో తిరిగి లైవ్ అయిపోతాయి. ముందు స్టాక్ పంపడం ఆఫ్ చేయండి, ఆ గ్యాప్‌లో వచ్చిన ఆర్డర్లు తేదీ పెట్టి లాగండి, క్యాన్సిల్స్, రిటర్న్స్ కూడా ఎక్కించండి, ఓ నాలుగైదు ఎస్‌కేయూలు బీరువాలో ఉన్న సరుకుతో చేత్తో సరిచూసుకోండి, ఆ తర్వాతే స్టాక్ పంపడం ఆన్ చేయండి. అప్పటికీ తేడా వస్తుంటే టికెట్ వేసేటప్పుడు "పనిచేయట్లేదు" అని రాయకుండా ఎస్‌కేయూ, ఏసిన్, స్టాక్ పంపిన టైమ్, ఫీడ్ నంబర్, మొదట చెప్పిన మూడు చోట్లా కనిపించిన అంకెలు స్క్రీన్‌షాట్లతో కలిపి పంపండి.