పొద్దుగుంకాక జీపీఎస్‌ని నమ్మి మొగలోకి రాకండి

మొన్న రాత్రి ఎనిమిదిన్నరకి, గోదావరి సముద్రంలో కలిసే మా మొగలో ఒక బోటు ఇసుక మేట ఎక్కేసింది. ఐదుగురూ ఈది ఒడ్డున పడ్డారు. వలలు పోయాయి, ఇంజను పోయింది. మర్నాడు బోటు నడిపే సరంగు జీపీఎస్ సెట్టు పట్టుకొచ్చి “ఇది చెడింది బాబాయ్, చూడు” అన్నాడు. చూశాను, శుభ్రంగా పనిచేస్తోంది. ఇరవై ఏళ్లుగా బోట్ల సెట్లు బాగుచేస్తున్నాను. రాత్రి చెడి పొద్దున్నే బాగైపోయే సెట్లు నా బల్ల మీదకి ఎక్కువగా వచ్చేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే.

జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. ఆ సిగ్నల్ మన దాకా రావాలంటే అయనోస్ఫియర్ దాటాలి. పగలంతా ఎండకి విద్యుత్ కణాలతో నిండే పొర అది. మనలా భూమధ్యరేఖకి దగ్గరున్న చోట, పొద్దుగుంకాక ఆ పొర అడుగు త్వరగా పలచబడుతుంది, పైన దట్టంగానే ఉంటుంది. అప్పుడు కిందనుంచి పలచని బుడగలు పైకి లేస్తాయి. వాటి గుండా వచ్చే సిగ్నల్ నక్షత్రం మిణుకుమన్నట్టు పడుతూ లేస్తూ ఉంటుంది. సెట్టు ఒక్కో ఉపగ్రహాన్నీ వదిలేస్తుంది. రాత్రి ఏడెనిమిది నుంచి అర్ధరాత్రి దాకా ఈ బెడద ఎక్కువ. మార్చి, ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరుల్లో మళ్లీ. సూర్యుడు ఉధృతంగా ఉన్న ఏళ్లలో మరీను.

ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం కాబట్టి వేసవిలో కొంత నయం. సెప్టెంబరుకి ఆ ఊరట లేదు. గోదావరి వరద తీశాక మొగలో ఇసుక కొత్త చోట మేట వేస్తుంది. నిరుటి దారి ఈ ఏడు ఉండదు.

కొంపలు ముంచే తప్పు ఒక్కటే. సెట్టులో దాచుకున్న పాత దారి గీత (ట్రాక్) మీద మన బోటుని చూపే చుక్కని పెట్టుకుని చీకట్లో మొగ దాటడం. నడిసముద్రంలో 30 మీటర్లు అటూ ఇటూ అయినా నష్టం లేదు, చేపలున్న మేర అంతకంటే పెద్దది. మొగలో లోతున్న దారే ఒక్కోచోట అంత వెడల్పు ఉండదు.

బయల్దేరే ముందు
వరద తీశాక మొదటిసారి పగటిపూట, పోటు మీద వెళ్లి దారి చూసుకోండి. పాత ట్రాక్ చెరిపేయండి. ఉంచితే చెయ్యి దాని మీదకే పోతుంది. లోతు చూపే ఎకో సౌండర్ సరిచూసుకోండి, దానికి ఉపగ్రహంతో పని లేదు. కంపాసు పక్కన ఇనుప సామాను పెట్టొద్దు.

తిరిగి వచ్చేటప్పుడు
పొద్దుండగానే మొగ చేరేలా వల ఎత్తండి. ఆలస్యమైతే బయటే, లోతు చూసి, లంగరు వేసి దీపం పెట్టుకోండి. తెర మీద చుక్క కదులుతోంది కదా అని ధైర్యపడకండి. సిగ్నల్ తెగినా పాత వేగంతోనే చుక్కని కాసేపు నడిపించే సెట్లున్నాయి.

సెట్టులో ఉపగ్రహాల పేజీ తెరిచి చూడండి. సిగ్నల్ బార్లు ఎగిరిపడుతుంటే స్పీడు తగ్గించండి. సెట్టుని ఆపి ఆపి వెలిగించకండి, మళ్లీ ఉపగ్రహాలని పట్టేసరికి ఇంకా ఆలస్యం. రెండు ఫ్రీక్వెన్సీల సెట్టు కొన్నాను, నాకేంటి అనకండి. అది సిగ్నల్ ఆలస్యాన్ని సరిచేస్తుంది, అందని సిగ్నల్‌ని తేలేదు. ముందు బోటు దీపం పట్టుకుని లోపలికి రాకండి, వాడూ తెరే చూస్తున్నాడు. లైట్‌హౌస్ దిక్కు గుర్తుపెట్టుకోండి. చుక్క ఒకచోట, లైట్‌హౌస్ ఇంకోచోట ఉంటే లైట్‌హౌస్‌నే నమ్మండి. వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్ మీద ఉంచండి. కోస్ట్‌గార్డ్ నంబరు 1554 క్యాబిన్‌లో రాసిపెట్టండి. లైఫ్ జాకెట్ మొగ దగ్గర కాదు, దానికి ముందే వేసుకోండి. కుర్రాళ్ల చేతికి సుక్కాను (చుక్కాని) ఇచ్చి పడుకోవద్దు. చీకట్లో తెర చూసి మొగ దాటొద్దు. నిన్న దాటాం కదా అని ఈ రాత్రి దాటొద్దు.

తెల్లారేదాకా ఆగితే చేప మెత్తబడి రేటు పడిపోతుందని నాతో వాదిస్తారు. ఈ రెండు నెలలూ ఐసు రెండు దిమ్మలు ఎక్కువ వేసుకెళ్లండి.