ఆల్బమ్‌ల మీద వాదించడం ఎలా? నాలుగో పాఠం: బలహీనమైన పాట దగ్గర మొదలుపెట్టండి

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చదివాక, ఈసారి చెప్పదలచిన పాటల వరుస సంగతిని వాయిదా వేశాను. బీటిల్స్ బృందం 1967లో తెచ్చిన 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' సర్వకాలాల గొప్ప ఆల్బమ్‌లలో ఒకటని వాదించమంటే, ఎక్కువమంది మొదటి వాక్యంలోనే రోలింగ్ స్టోన్ పత్రిక జాబితాను సాక్షిగా తెచ్చారు. ఆ సాక్షి ఒక్క ఎదురు ప్రశ్నకు కూడా నిలవదు. 2003లోనూ 2012లోనూ ఆ జాబితాలో మొదటి స్థానం పెప్పర్‌దే. 2020లో మళ్ళీ ఓట్లు తీసుకున్నప్పుడు మార్విన్ గే 1971 నాటి 'వాట్స్ గోయింగ్ ఆన్' మొదటి స్థానానికి వచ్చింది, పెప్పర్ 24వ స్థానానికి దిగింది. ఈ మధ్యలో రికార్డులో ఒక్క స్వరం కూడా మారలేదు, ఓటు వేసినవారు మారారు.

మరికొందరు హిట్లు లెక్కపెట్టారు. హిట్లే కొలమానమైతే మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' దగ్గర వాదన ముగిసిపోవాలి. అందులోని 9 పాటల్లో 7 సింగిల్స్‌గా, అంటే విడి పాటల రికార్డులుగా, విడుదలై, ఏడూ అమెరికాలో మొదటి పది స్థానాల్లోకి వెళ్ళాయి. పెప్పర్ విడుదలైనప్పుడు అందులోంచి ఒక్క పాటను కూడా సింగిల్‌గా ఇవ్వలేదు. జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ 1959లో తెచ్చిన 'కైండ్ ఆఫ్ బ్లూ'లో ఉన్నవే ఐదు రచనలు, సంఖ్యే కొలమానమైతే అదీ ఓడిపోవాలి. ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా ఒకే కూర్పులో వినాలని వేరే చెప్పనక్కరలేదు. సీడీలలో తర్వాత చేర్చిన అదనపు పాటలను నేను లెక్కలోకి తీసుకోను, మీరూ తీసుకోకండి.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టిన పొరపాటు గురించి కొంత వివరంగా చెప్పాలి. కోడంబాకం, వడపళని స్టూడియోల చుట్టూ పెరిగిన చెన్నై తెలుగువారికి ఆల్బమ్ అనగానే సినిమా గుర్తుకు రావడం సహజమే. అందుకే స్వేచ్ఛగా ఎంచుకోమన్నప్పుడు చాలామంది 1980లో వచ్చిన 'శంకరాభరణం' తీసుకున్నారు. ఎంపికలో దోషం లేదు, నా పట్టికలోనూ దానికి చోటుంది. అయితే రాసిన కారణాలలో సగం ఆల్బమ్‌వి కావు. 'దొరకునా ఇటువంటి సేవ' ఎందుకు గొప్పదంటే వేదిక మీద శంకరశాస్త్రి కుప్పకూలే ఘట్టాన్ని వర్ణించారు. అది విశ్వనాథ్ గారి ఘనత, సోమయాజులు గారి ఘనత. కళ్ళు మూసుకుని వింటే దక్కేది వేరు: బాలు గొంతు నుంచి పాటను వాణీ జయరామ్ గొంతు అందుకోవడం. గురువు స్థానంలోకి శిష్యుడు వచ్చాడన్న కథ తెలియనివారికి కూడా ఆ మార్పు ఏదో ఒకటి చెబుతుందా, చెబితే ఎలా చెబుతుంది అన్నది ఆల్బమ్ వాదన.

అదే పొరపాటుకు ఇంకో రూపం ఉంది. 'ఏ తీరుగ నను దయచూచెదవో' రామదాసుది, 'మానస సంచరరే' సదాశివ బ్రహ్మేంద్రులది, 'బ్రోచేవారెవరురా' మైసూరు వాసుదేవాచార్యులది. ఆ రచనల గొప్పతనాన్ని సంగీత దర్శకుడు మహదేవన్ గారి ఖాతాలో వేస్తే, ఎదుటివారు ఆ మూడింటినీ పక్కకు తీసి "ఇప్పుడు మిగిలినదేమిటి?" అని అడుగుతారు. దానికి సమాధానం ఉంది, మన జవాబుల్లో మాత్రం అది కనిపించలేదు. వాగ్గేయకారుల కృతుల సరసన వేటూరి 'శంకరా నాదశరీరాపరా' కూర్చున్నా ఎక్కడా అతుకు కనిపించకపోవడం ఈ ఆల్బమ్ సొంతంగా సాధించినది. ఆ కృతులు అంతకుముందు నుంచే ఉన్నాయి, ఆ కూర్పు మాత్రం లేదు. ఆల్బమ్‌కు ఏ ఘనత ఇవ్వబోయినా అది దానిదేనా, ఇంకెవరిదైనానా అని వాక్యం వాక్యానికీ తేల్చుకోండి.

ఇప్పుడు అసలు పాఠం. ఆల్బమ్‌ను సమర్థించేవారు దాని ఉత్తమమైన పాటతో కాక, అందరూ బలహీనమని చెప్పే పాటతో మొదలుపెట్టాలి. ఆ ఒక్కటీ నిలబడితే మిగతావాటికి మీరు చెమటోడ్చనక్కరలేదు. పెప్పర్‌లో ఆ పాట బీటిల్స్ సభ్యుడు జార్జ్ హారిసన్ చేసిన 'వితిన్ యూ వితౌట్ యూ'. మార్గళి నెలంతా కర్ణాటక సంగీత సభలలో గడిపే మన పాఠకులు దీన్ని అరకొర అనుకరణ అని తేలికగా కొట్టేశారు. ఐదు నిమిషాలు ఓపిక పట్టండి. తంబురా శ్రుతి మీద దిల్‌రుబా అనే కమాను వాద్యం మొదలవుతుంది. స్వరాలు హరికాంభోజి రాగానివే అయినా, ఇది రాగాలాపన కాదు కాబట్టి రాగభావం లేదని తప్పుపట్టడం అనవసరం. గొంతును దిల్‌రుబా నీడలా వెంటాడుతుంది. మధ్యలో పాట ఆగి, నడక ఐదక్షరాల లెక్కలోకి మారుతుంది. ఐదక్షరాల ఖండ చాపు తాళం వేయడం అలవాటైన చేతికి ఆ చోటు వెంటనే దొరుకుతుంది. అక్కడ దిల్‌రుబా ఒక మాట అంటే, ఆల్బమ్ నిర్మాత జార్జ్ మార్టిన్ కూర్చిన పాశ్చాత్య తంత్రీ వాద్యాలు అదే జారుడుతో బదులు చెబుతాయి.

తర్వాత, ఎల్పీ రికార్డు రెండో వైపు మొదట ఉండే ఆ పాటను వరుసలోంచి తీసేసి వినండి. మొదటి వైపు సర్కస్ సందడితో ముగుస్తుంది. దాని వెనుకే క్లారినెట్ల తేలికపాటి పాట వస్తుంది. పాతకాలపు వినోదప్రదర్శనల పాటలు రెండు పక్కపక్కన పడి ఒకదాన్నొకటి చప్పబరుస్తాయి. చివరి పాటలోని వాద్యబృందపు ఉప్పెనకు చెవిని సిద్ధం చేసిన బరువు కూడా పోతుంది. ఆ పాట మీకు నచ్చకపోయినా అది లేకుండా ఆల్బమ్ నిలవదని ఇప్పుడు నిరూపించవచ్చు. మీ వాదన అక్కడి నుంచి మొదలుకావాలి. తెలియని ఆల్బమ్ అయితే నేను ముందుగా రెండో వైపు చివరి నుంచి రెండో పాట వింటాను, చేసినవారి ఓపిక అక్కడ తెలిసిపోతుంది.

అభ్యాసం: ఇళయరాజా 1986లో తెచ్చిన, త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిచ్చిన 'హౌ టు నేమ్ ఇట్' తీసుకోండి. అడ్డం రావడానికి అందులో సినిమా లేదు, సాహిత్యం లేదు. మూడుసార్లు పూర్తిగా విని, అన్నిటికంటే బలహీనమని మీకు తోచిన రచనను 12 వాక్యాలలో సమర్థించండి. ప్రతి వాక్యానికీ ఏ నిమిషం, ఏ సెకను దగ్గర విన్నారో పక్కన రాయండి. అద్భుతం, అమోఘం, దివ్యం అన్న మాటలు వాడకూడదు. అవార్డులు, అమ్మకాలు, జాబితాలు ఎక్కడా రాకూడదు. ఆ తర్వాత అదే రచనను ఖండిస్తూ మరో 12 వాక్యాలు రాసి, రెండు కాగితాలూ ఇంట్లో ఒకరికి ఇవ్వండి. వాటిలో మీ అసలు అభిప్రాయం ఏదో వారు కనిపెట్టగలిగితే రెండోదాన్ని మళ్ళీ రాసి, అప్పుడే నాకు పంపండి.