లండన్‌లో నర్సింగ్ స్టూడెంట్ మొదటి రోజు: వార్డులో ఎలా ఉండాలి, తర్వాత ఎక్కడ తిరగాలి?

ఇప్పటికి ఆరు బ్యాచ్‌లను స్టడీ టూర్‌కి లండన్ తీసుకెళ్ళాను. బయల్దేరే ముందు పిల్లల టెన్షనంతా స్వెట్టర్ల గురించి, బిగ్ బెన్ ముందు ఏ డ్రెస్సులో ఫోటో దిగాలన్న దాని గురించి. తప్పులు జరిగేది మాత్రం వార్డు గుమ్మం దగ్గర, మొదటి ఐదు నిమిషాల్లో. అందుకే మిగతాదంతా గబగబా చెప్పేసి అక్కడ ఆగుతాను.

1. బ్యాగు

పాస్‌పోర్టు కాపీ, కాలేజీ ఐడీ, హాస్పిటల్ వాళ్ళు పంపిన అనుమతి లెటరు, వ్యాక్సిన్ రికార్డు (హెపటైటిస్ బి, తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాకి వేసే ఎంఎంఆర్ తప్పకుండా చూసుకోండి), చిన్న నోట్‌బుక్, పెన్ను, గొడుగు. చప్పుడు చేయని మెత్తటి బూట్లు. అంతే. అనుమతి లేకుండా ‘ఊరికే చూసి వస్తాం’ అంటే ఏ వార్డులోకీ రానివ్వరు, అడిగి పరువు పోగొట్టుకోవద్దు.

2. ముందు హాస్పిటల్, తర్వాతే ఊరు

మనకీ లండన్‌కీ వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర గంటలు తేడా. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, సాయంత్రం నాలుగయ్యేసరికి కళ్ళు మూతలు పడతాయి. కాబట్టి బుర్ర పనిచేసే పొద్దుటి పూట వార్డుకి ఇవ్వాలి. మొదటి రోజు టాపు లేని బస్సెక్కించి ఊరంతా తిప్పి, మధ్యాహ్నం హాస్పిటల్‌కి తీసుకెళ్ళే టూర్లున్నాయి. ఒక బ్యాచ్‌ని అలా పంపి చూశాను. హ్యాండోవర్ (డ్యూటీ మారేటప్పుడు నర్సులు పేషెంట్ల వివరాలు అప్పజెప్పుకోవడం) జరుగుతుంటే ఇద్దరు గోడకి ఆనుకుని నిద్రపోయారు.

3. ప్రయాణం

బస్సుల్లో డబ్బులు తీసుకోరు. ఆయిస్టర్ కార్డు (ముందే డబ్బు వేసుకుని వాడే ప్రయాణ కార్డు) గానీ, కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు గానీ ఉండాలి. బస్సులో ఎక్కేటప్పుడు మెషీన్‌కి ఒక్కసారి తాకిస్తే చాలు. ట్యూబ్ రైలుకి, అంటే అక్కడి మెట్రోకి, లోపలికి వెళ్ళేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు అదే కార్డు తాకించాలి. ఎస్కలేటర్ మీద కుడి పక్క నిలబడండి. ఎడమ పక్క నిలబడితే వెనక నుంచి ‘ఎక్స్‌క్యూజ్ మీ’లు వినాల్సి వస్తుంది.

4. వార్డు గుమ్మం దగ్గర

ఇక్కడ మాత్రం తొందరపడొద్దు.

ముందు చేతులు. అక్కడ ‘బేర్ బిలో ది ఎల్బోస్’ అని ఒక రూలు. మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా ఏమీ ఉండకూడదు. గాజులు, వాచీ, రాళ్ళ ఉంగరం, నెయిల్ పాలిష్, పొడుగు చేతుల స్వెట్టర్ అన్నీ తీసేయాలి. సాదా ఉంగరం ఒక్కటి సాధారణంగా ఒప్పుకుంటారు. వాచీ కావాలంటే యూనిఫామ్‌కి పిన్నుతో తగిలించుకునేది కొనుక్కోండి.

ఒకసారి శ్రావణమాసంలో వెళ్ళాం. ఒకమ్మాయి చేతికి వరలక్ష్మీ వ్రతం తోరం ఉంది, తొమ్మిది ముళ్ళది. పసుపు ఇంకా వదల్లేదు. ‘తీస్తే మా అమ్మ ఊరుకోదు మేడమ్’ అని స్వెట్టర్ చెయ్యి కిందకి లాక్కుని దాచుకుంది. గుమ్మం దగ్గర వార్డు మేనేజర్ ‘స్లీవ్స్ అప్’ అంది. తోరం బయటపడింది. పిల్ల విప్పనంది, ఆవిడ రానివ్వనంది. గంటన్నర సేపు అది కారిడార్‌లో కుర్చీ మీద కూర్చుంది. తడిసిన దారం ఎంతసేపటికీ ఆరదు, అందులో ఏం పెరుగుతాయో మైక్రోబయాలజీ చదివినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ముందు రోజు రాత్రే విప్పి పర్సులో భద్రంగా పెట్టుకోండి. అమ్మతో గొడవైతే ఫోన్ నాకివ్వండి, నేను మాట్లాడతాను.

తర్వాత చేతులకి రుద్దుకునే ఆల్కహాల్ జెల్. అరచేతిలో వేసుకుని, రెండుసార్లు రుద్ది, ఆరడానికి గాల్లో విదిలిస్తారు మనవాళ్ళు. అది చేతులు శుభ్రం చేసుకోవడం కాదు, దోమలు తోలడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం జెల్‌తో 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్ళతో అయితే 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. జెల్ దానంతట అది ఆరాలి. ఎక్కువమంది వదిలేసేవి బొటనవేళ్ళు, వేళ్ళ కొసలు. అందుకే నేను బొటనవేలితోనే మొదలుపెట్టిస్తాను. పోస్టర్లలో అరచేతితో మొదలుంటుంది. ఉండనివ్వండి, అరచేతితో మొదలుపెట్టి బొటనవేలి దాకా వచ్చిన స్టూడెంట్‌ని నేనింకా చూడలేదు. ఇంకో మాట: క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసైల్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే విరేచనాల కేసు ఉంటే జెల్ పనికిరాదు, దాని స్పోర్లు ఆల్కహాల్‌కి చావవు. సింకు దాకా నడవాల్సిందే.

ఆ చేత్తో ఫోన్ ముట్టుకున్నారో, పని మళ్ళీ మొదటికొచ్చింది. అసలు ఫోన్ బ్యాగులోంచి తీయకండి. ‘పేషెంటు మొహం పడలేదు కదా మేడమ్’ అనే మాట నేను చాలాసార్లు విన్నాను. ఒకమ్మాయి నర్స్ స్టేషన్ దగ్గర ఒంటరిగా సెల్ఫీ తీసుకుంది. నిజమే, పేషెంటు ఎవరూ లేరు. వెనక తెల్లబోర్డు మీద బెడ్ నంబర్లు, పక్కన పేర్లు మాత్రం చక్కగా చదవొచ్చు. ఫోటో డిలీట్ చేయించారు, డిలీట్ చేసినవి ఉండే ఫోల్డర్ కూడా తెరిపించి చూశారు. క్షమాపణ లెటరు నేను రాశాను.

ఇక కర్టెన్. మన జనరల్ వార్డుల్లో పక్క బెడ్ వాళ్ళ చుట్టాలు కూడా కేస్ షీట్ చదివేస్తారు. అక్కడ కర్టెన్ అంటే గోడే. మూసి ఉంటే సందులోంచి తొంగి చూడటం, లోపలి మాటలు వింటూ నిలబడటం కుదరదు. నర్సు పిలిచినా పేషెంటు సరే అంటేనే లోపలికి వెళ్ళాలి. వెళ్ళగానే ‘హలో, మై నేమ్ ఈజ్’ అని పేరు చెప్పి, ఇండియా నుంచి వచ్చిన స్టూడెంట్‌నని, పక్కన నిలబడి చూడవచ్చా అని అడగండి. కేట్ గ్రేంజర్ అనే డాక్టర్ తనే క్యాన్సర్ పేషెంటుగా బెడ్ మీద ఉన్నప్పుడు, వచ్చేపోయేవాళ్ళు కనీసం పేరైనా చెప్పడం లేదని గమనించి, 2013లో ఈ మాటతోనే ఒక ఉద్యమం మొదలుపెట్టారు. ఆమె 2016లో పోయారు. ఆ మాట రాసిన బ్యాడ్జీలు ఇప్పటికీ కనిపిస్తాయి. పేషెంటు వద్దంటే థాంక్యూ చెప్పి వెనక్కి వచ్చేయండి, మొహం ముడుచుకోవద్దు.

పిలుపుల సంగతి కూడా. కనిపించిన ప్రతి నర్సునీ సిస్టర్ అనకండి. అక్కడ సిస్టర్ అంటే హోదా, వార్డు బాధ్యత చూసే సీనియర్ అన్నమాట. మిగతావాళ్ళని పేరు పెట్టే పిలుస్తారు. యాభై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి మనకి నోరు రాదు. రాకపోతే ‘ఎక్స్‌క్యూజ్ మీ’తో గడిపేయండి. ముసలావిడని చనువుగా ‘గ్రాండ్‌మా’ అనొద్దు, ఏమని పిలవమంటారో అడగండి.

5. మధ్యాహ్నం నుంచి ఊరు

మీ విజిట్ ఎక్కడ పెట్టినా, అయ్యాక వెస్ట్‌మిన్‌స్టర్ బ్రిడ్జ్ పక్కన ఉన్న సెయింట్ థామస్ హాస్పిటల్ వైపు రండి. ఆ ఆవరణలోనే ఫ్లోరెన్స్ నైటింగేల్ మ్యూజియం ఉంది. ఏ రోజుల్లో తెరుస్తారో ముందే చూసుకోండి. నర్సింగ్ కాలేజీలో దీపం పట్టి ప్రమాణం చేసే లాంప్ లైటింగ్ రోజు మన చేతిలో పెట్టేది అల్లావుద్దీన్ దీపం లాంటిది. క్రిమియా యుద్ధంలో నైటింగేల్ పనిచేసిన టర్కీలోని స్కుటారి ఆస్పత్రిలో వాడింది అది కాదు, హార్మోనియం తిత్తిలా ముడుచుకునే టర్కీ లాంతరు. అలాంటిది అక్కడ చూడొచ్చు. ఆవిడ పెంచిన గుడ్లగూబ ఎథీనా కూడా ఉంటుంది, స్టఫ్ చేసి. బయట తోటలో 2016లో పెట్టిన మేరీ సీకోల్ విగ్రహం ఉంది. జమైకాలో పుట్టి, సొంత ఖర్చుతో క్రిమియా యుద్ధానికి వెళ్ళి సైనికులకు సేవ చేసిన మనిషి. మన సిలబస్‌లో ఆమెకి ఒక్క లైనైనా ఉండాల్సింది.

నది ఒడ్డున బిగ్ బెన్‌తో ఫోటో దిగండి, వద్దనను. కానీ మీ వెనక ఉన్న గోడ వైపు కూడా తిరగండి. దాదాపు అర కిలోమీటరు పొడుగునా ఎర్ర రంగుతో వేసిన గుండె బొమ్మలు. కోవిడ్‌తో పోయిన ఒక్కొక్కరికీ ఒక్కటి, 2021లో మొదలుపెట్టారు. వాటిలో ఇంట్లోవాళ్ళు పేర్లు రాశారు. రంగు వెలిసిపోతుంటే వాలంటీర్లు మళ్ళీ దిద్దుతుంటారు.

ఓపికుంటే వెస్ట్‌మిన్‌స్టర్ స్టేషన్‌లో జూబిలీ లైన్ ఎక్కి లండన్ బ్రిడ్జ్‌లో దిగండి. సెయింట్ థామస్ మొదట అక్కడే ఉండేది. 1860లో నైటింగేల్ నర్సింగ్ స్కూలు పెట్టిందీ అక్కడే. పాత చర్చి అటక మీద 1822 నాటి ఆపరేషన్ థియేటర్ మిగిలింది. ఇరుకైన మెలికల మెట్లు 52 ఎక్కాలి. పైన చెక్క టేబుల్, చుట్టూ స్టూడెంట్లు నిలబడి చూసే అంచెలు. మత్తుమందు లేని రోజుల్లో ఆడవాళ్ళకి ఆపరేషన్లు చేసిన గది అది. అప్పటి సర్జన్లు చేతులు కడుక్కునేది ఆపరేషన్ అయ్యాక, అంటిన రక్తం పోవడానికి.

రాత్రి తొమ్మిది లోపు మాత్రం పడుకోకండి. పడుకుంటే మర్నాడు రెండింటికే లేచి కూర్చుని, పక్క గదిలో ఉన్న నన్ను కూడా లేపుతారు.