కానుకల డబ్బు ఒక్కరే లెక్కపెట్టకండి

చర్చి సంఘంలో కానుకలు లెక్క చూసే పని మీదైతే, మీరెంత నమ్మకస్తులైనా సరే, ఒక్కరే కూర్చోకండి. మీ ఇంటివాళ్లు కాని ఇంకొకరిని పక్కన పెట్టుకుని, ఆరాధన అవ్వగానే అక్కడే లెక్కపెట్టి, నోట్లెన్ని చిల్లరెంత అని పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఫోన్‌పేలో వచ్చేవి పాస్టర్‌గారి సొంత నంబరుకి కాకుండా సంఘం ఖాతాకే పడాలి, సొంత డబ్బుతో కలిశాక విడదీయడం మహా తలనొప్పి.

"దేవుడికి తెలుసులే" అంటారు కొందరు. బైబిల్లోని అపొస్తలుడు పౌలు అలా వదిలేయలేదు, యెరూషలేములోని విశ్వాసుల కోసం పోగుచేసిన చందా విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని, తన తోటి పనివాడు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సోదరుణ్ణి కూడా పంపాడు (2 కొరింథీయులు 8). అన్నట్టు, రేపు వేసేద్దామని కానుకల పెట్టెలోంచి చేబదులు తీసుకోవడం అస్సలు వద్దు, బస్సు చార్జీకైనా సరే.