షుగర్ ఉన్న పిల్లికి తిండి మార్చే ముందు

పిల్లికి షుగర్ అని తేలగానే పిండిపదార్థం తగ్గించాలని, ప్రొటీన్ ఎక్కువున్న తడి తిండి పెట్టాలని పెంచుకునేవాళ్లలో చాలామందికి ఇప్పుడు తెలుసు. అది మంచి సలహానే. కానీ ఇన్సులిన్ నడుస్తున్న పిల్లికి తిండి మార్చడమంటే మందు మోతాదు మార్చినట్టే లెక్క. పొడి గింజల తిండి మీద రెండు యూనిట్లు సరిపోయిన పిల్లికి, ఆ గింజలు ఆపేశాక అవే రెండు యూనిట్లు ప్రాణం మీదికి తేవచ్చు. తిండి మారిన కొద్ది రోజులకే రక్తంలో చక్కెర దిగడం మొదలవుతుంది. డోసు మాత్రం ఎవరో ఒకరు తగ్గించేదాకా తగ్గదు.

పిల్లి అచ్చంగా మాంసాహారి. ఎలుకలోనో పిట్టలోనో పిండిపదార్థం బహు తక్కువ, కాబట్టి దాని కాలేయం కూడా పిండిని ఒక్కసారిగా ఎక్కువ మొత్తంలో సర్దుకునే తీరులో లేదు. మన ఇళ్లలో దానికి దొరికేది పాలన్నం, పెరుగన్నం, మధ్యలో బిస్కెట్ ముక్క, లేదంటే రోజంతా నిండుగా ఉండే కిబుల్ (పొడి గింజల తిండి) గిన్నె. దీనికి తోడు గడప దాటని జీవితం, పిల్లలు పుట్టకుండా చేసిన ఆపరేషన్, పెరిగిన బరువు. నడివయసు దాటిన మగపిల్లుల్లో ఈ జబ్బు ఎక్కువ. దురదకో నోటి పుండ్లకో పదే పదే వేయించిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా షుగర్ తెప్పించగలదు. అలాంటివి వేయించి ఉంటే ఎప్పుడు, ఏది అన్నది డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

తిండి మార్చే ముందు చేయించాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా ప్రొటీన్ పెంచొద్దు. కిడ్నీ జబ్బు ముదిరిన పిల్లికి ఫాస్ఫరస్ ఎక్కువున్న మాంసపు తిండి చేటు చేస్తుంది, దానికి దారి వేరు. పాంక్రియాస్ వాపు ఉందేమో, మూత్రంలో ఇన్ఫెక్షన్, కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) ఉన్నాయేమో చూడాలి. పళ్ల చిగుళ్లు కుళ్లి ఉంటే అవి బాగయ్యేదాకా చక్కెర మొండికేస్తుంది. క్లినిక్‌లో ఒక్కసారి తీసిన రక్తపు చక్కెరను చూసి బెదిరిపోకండి. భయానికే పిల్లికి 300 దాటవచ్చు. గత రెండు మూడు వారాల సగటు చెప్పే ఫ్రక్టోసమిన్ పరీక్ష అందుకే ఉంది.

సిరంజి దగ్గర జరిగే పొరపాటు

దీన్ని విడిగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర మందుల షాపుల్లో రెండు రకాల ఇన్సులిన్లూ ఉంటాయి. కొన్ని వయల్స్ మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, కొన్ని 100 యూనిట్లవి. పిల్లులకు తరచు రాసే గ్లార్జిన్ 100 యూనిట్ల రకం. సిరంజిలూ దేనికది వేరు: యూ-40 సిరంజికి ఎర్ర మూత, యూ-100 సిరంజికి నారింజ మూత. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో ‘ఒక యూనిట్’ గీత దాకా లాగితే, లోపలికి వెళ్లేది ఒకటి కాదు, రెండున్నర యూనిట్లు. తిరగేసి చేస్తే అందాల్సిన మందులో సగం కూడా అందదు. వయల్ మీద ఏ అంకె ఉందో సిరంజి మీదా అదే అంకె ఉండాలి. షాపులో ఒకటి లేదని రెండోది ఇస్తే తీసుకోకండి.

పిల్లి డోసు సాధారణంగా ఒకటి రెండు యూనిట్లతో మొదలవుతుంది కాబట్టి అర యూనిట్ గీతలున్న 0.3 మిల్లీలీటర్ల సిరంజి అడగండి. గ్లార్జిన్‌ను నీళ్లతో పల్చన చేయకూడదు, వేరే ఇన్సులిన్‌తో కలపకూడదు. ఫ్రిజ్ తలుపులో కాకుండా మధ్య అరలో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టండి. గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. వేసవిలో గంటల తరబడి కరెంటు పోయే ఊళ్లలో ఐస్ ప్యాక్ ఉన్న చిన్న డబ్బా సిద్ధంగా ఉంచుకోండి, ఐస్‌కు వయల్ నేరుగా తగలకుండా గుడ్డ చుట్టాలి.

పిల్లి కదిలిపోయి మందు లోపలికి వెళ్లిందో బొచ్చు మీద కారిందో తెలియకపోతే రెండోసారి వేయొద్దు. ఒక డోసు తప్పితే చక్కెర ఒక పూట పెరుగుతుంది, అంతే. రెండు డోసులు పడితే రాత్రికి ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తుంది.

ప్యాకెట్ మీద అంకెలు

పిండిపదార్థం ఎంతో ప్యాకెట్ మీద సాధారణంగా రాయరు. లెక్క మీరే కట్టుకోవాలి. వందలోంచి ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద (అంటే ఖనిజాలు) శాతాలు తీసేస్తే మిగిలేదే పిండి. బూడిద రాయకపోతే పొడి తిండికి 8, తడి తిండికి 2 అనుకోండి. తర్వాత క్యాలరీలు: ప్రొటీన్ శాతాన్ని 3.5తో, కొవ్వును 8.5తో, పిండిని 3.5తో గుణించి కూడండి. అందులో పిండి వాటా ఎంతో చూడండి.

ఉదాహరణకు ఒక కిబుల్‌లో ప్రొటీన్ 30, కొవ్వు 10, పీచు 4, తేమ 10, బూడిద 8 అనుకుందాం. పిండి 38. క్యాలరీలు 105, 85, 133, మొత్తం 323. అంటే పిండి వాటా 41 శాతం. ఒక తడి తిండిలో ప్రొటీన్ 11, కొవ్వు 5, పీచు 0.5, తేమ 80, బూడిద 2 ఉంటే పిండి 1.5 మాత్రమే. మొత్తం 86 క్యాలరీల్లో దాని వాటా 6 శాతం. షుగర్ పిల్లికి వెతకాల్సింది 10-12 శాతం లోపు.

తడి తిండి అయినంత మాత్రాన చాలదు. గ్రేవీ పౌచ్‌లలో చిక్కదనం కోసం స్టార్చ్ కలుపుతారు, లెక్క వేస్తే ఇరవై శాతం దాటేవీ ఉంటాయి. ముద్దలా ఉండే పాటే రకాలు ఎక్కువగా నయం. ‘గ్రెయిన్ ఫ్రీ’ అన్న ముద్ర చూసి మోసపోవద్దు, బియ్యం బదులు బంగాళాదుంపో బఠాణీయో ఉంటుంది. డాక్టరు రాసే డయాబెటిక్ పొడి తిండిలో మామూలు దానికన్నా పిండి తక్కువే గానీ తడి తిండి అంత తక్కువ కాదు. తడి తిండి మూతి కూడా పెట్టని పిల్లికి అది పనికొస్తుంది.

మార్పు మొదలుపెట్టే వారం

ముందుగా డాక్టరుతో రెండు సంగతులు కాగితం మీద రాయించుకోండి: తిండి మారేకొద్దీ డోసు ఎంత తగ్గించాలి, ఏ రీడింగ్ కంటే తక్కువుంటే సూది వేయకుండా ఫోన్ చేయాలి. రెండోదానికి చాలామంది మొదట్లో 150 అంటారు. మీ డాక్టరు చెప్పిన అంకే మీకు లెక్క.

ఇంట్లో రక్తం చూడడం రాకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. చెవి అంచును వెచ్చని గుడ్డతో కాసేపు పట్టుకుంటే రక్తం తేలిగ్గా వస్తుంది, వెనక దూది ఉంచి లాన్సెట్‌తో గుచ్చాలి. మనుషుల గ్లూకోమీటరు పిల్లి రక్తానికి అసలు కంటే తక్కువ చూపిస్తుంది, జంతువుల మీటరు దొరికితే మేలు. ఏదైనా ఒకే మీటరు వాడండి, ఏది వాడుతున్నారో డాక్టరుకు చెప్పండి. సూదికి ముందు ఒకసారి, వేసిన 4 నుంచి 8 గంటల మధ్య ఒకసారి చూడండి. చక్కెర బాగా దిగేది సాధారణంగా ఆ మధ్యలోనే.

నాలుగున్నర కిలోల పిల్లి రోజుకు 60 గ్రాముల కిబుల్ తింటోందనుకుందాం. పైన లెక్కించిన రెండు తిండ్లనే తీసుకుంటే, 15 గ్రాముల కిబుల్ తీసేసి 60 గ్రాముల తడి తిండి పెట్టాలి. రెండు మూడు రోజులకో మెట్టు. నాలుగో మెట్టుకు కిబుల్ పోయి రోజుకు 240 గ్రాముల తడి తిండి మిగులుతుంది. వంటింటి త్రాసుతో తూచండి, గుప్పెడు లెక్క వద్దు. ఒక మెట్టు మీద విరేచనాలైనా, తిండి మిగిల్చినా అక్కడే ఆగండి. పిల్లిని పస్తుపెట్టి దారికి తేవాలనుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుపాటి పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం పోవచ్చు. షుగర్ పిల్లి ఒక్క రోజు తినకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. ఆ పూట పూర్తి డోసు వేయకుండా ముందు ఫోన్ చేయండి.

ముట్టకపోతే గిన్నెను వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చగా చేయండి, పైన ఉడికించిన చికెన్ పలుకులు చల్లండి. ఎండాకాలంలో తడి తిండి గంట మించి బయట ఉంచొద్దు. బరువు తగ్గాల్సిన పిల్లి అయితే వారానికి ఒక శాతం చాలు: ఆరు కిలోల పిల్లికి 60 గ్రాములు.

పండక్కి ఊరెళ్లే వారంలోనో, కొత్తవాళ్లకు పిల్లిని అప్పగించే రోజుల్లోనో మార్పు పెట్టుకోకండి. దీపావళి టపాసులకు మంచం కింద దూరి తినడం మానేసే పిల్లులు ఎన్నో, ఆ వారమూ వద్దు. ఇంట్లో అందరికీ, పనిమనిషికీ, పక్కింటివాళ్లకూ చెప్పి ఉంచండి. చాటుగా పడే పెరుగన్నం ముద్ద మీ రీడింగులన్నీ తారుమారు చేస్తుంది.

చక్కెర పడిపోతే

నడకలో తూలడం, వణుకు, అకారణంగా అరవడం, విపరీతమైన ఆకలి, చూపు శూన్యంగా ఉండడం, ఆపై మూర్ఛ. మీటరు 60 కంటే తక్కువ చూపితే గుర్తులు లేకపోయినా తిండి పెట్టండి. ఇక్కడ మాత్రం పాత కిబుల్ పనికొస్తుంది, అందుకే ఒక చిన్న డబ్బాలో దాచి ఉంచండి. మింగలేని స్థితిలో ఉంటే తేనో, చిక్కగా కలిపిన గ్లూకోజ్ పొడో అర చెంచా తీసుకుని చిగుళ్ల మీద రాయండి. నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూర్ఛలో ఉంటే పళ్ల మధ్య వేలు పెట్టొద్దు. పావుగంటకోసారి రక్తం చూస్తూ ఆసుపత్రికి బయల్దేరండి. తేరుకుందని ఆగిపోవద్దు, ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూ ఉంటుంది, మళ్లీ పడిపోవచ్చు. రాత్రిళ్లు తెరిచి ఉండే క్లినిక్ మీ ఊళ్లో ఏదో ఇప్పుడే కనుక్కుని ఫోన్ నంబరు గోడ మీద రాసుకోండి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ప్రమాదం కీటోన్లు. వాంతులు, నీరసం, నోట్లో నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి వాసన ఉంటే ఇంటి వైద్యం వద్దు. కీటోన్ చూపే మూత్రం పట్టీలు మందుల షాపుల్లో దొరుకుతాయి, ఒక డబ్బా ఉంచుకోండి.

ఇంట్లో వండి పెడతామనేవాళ్లకు ఒక మాట. ఉత్త చికెన్ ముక్కల్లో పిండి లేదు, నిజమే, కానీ కాల్షియం సరిపోదు. ఉడికించిన నీళ్లు పారబోస్తే పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం కూడా పోతుంది. టారిన్ లోపిస్తే చూపు, గుండె దెబ్బతింటాయి. రోజు క్యాలరీల్లో పదో వంతు దాకా అయితే ఫర్వాలేదు, పూర్తి భోజనం చేయాలంటే డాక్టరు లెక్క కట్టిన పాళ్లతో పోషకాలు కలపాల్సిందే. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలోని ముక్క కడిగి పెట్టినా వద్దు. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ. మన షుగర్ మాత్రలు ఇవ్వాలనే ఆలోచనే రానివ్వకండి.

జబ్బు బయటపడ్డ తొలి ఆరు నెలల్లో చక్కెర అదుపులోకి వస్తే ఇన్సులిన్ అవసరమే లేకుండా పోయే పిల్లులు చాలానే ఉంటాయి. అయినా కిబుల్ వైపు తిరిగి చూడొద్దు, స్టెరాయిడ్ వేస్తానంటే షుగర్ సంగతి ముందే చెప్పండి. సూది ఆపాక కొన్ని వారాల పాటు వారానికోసారి రక్తం చూడండి. లిట్టర్ ట్రేలో మూత్రపు గడ్డలు మళ్లీ పెద్దవవుతున్నా, నీళ్ల గిన్నె త్వరగా ఖాళీ అవుతున్నా, వెనక కాళ్లు మడమల మీద ఆనించి నడుస్తున్నా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు రక్తం చూసి ఫోన్ చేయండి.