రెండు రంగుల గళ్ల దుప్పటి: విడిగా బాగున్న గళ్లు కలిపి కుడితే ఎందుకు ముడతపడతాయి?

రెండు రంగుల చారలతో విడివిడిగా గళ్లు అల్లి, చివర్లో కలిపి కుట్టే ఊలు దుప్పటి గురించి ఇది. ఉదాహరణకి మైటర్డ్ స్క్వేర్ తీసుకుందాం: 41 కుట్లు ఎక్కించి, ముందు వైపు వచ్చే ప్రతి వరుసలో నడిమధ్య మూడు కుట్లను ఒకటి చేస్తూ, ఒక్క కుట్టు మిగిలేదాకా అల్లే గడి. అంతా గార్టర్ అల్లికే, అంటే ముందూ వెనకా ప్రతి వరుసా నిట్టే. రెండు వరుసలకోసారి రంగు మారుతుంది. నిట్ వేయడం, కుట్లు తగ్గించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ఏ సమస్య అయినా సరే, ఊలు తప్పా, సూది తప్పా అని అడిగే ముందు గడిని మడిచి చూడండి. మూల మీదికి ఎదురు మూల వచ్చేలా, రెండు వైపులా మడవాలి. ఎందుకో కింద చెబుతాను. ఈ పని చేయకుండానే ముప్పై గళ్లు కుట్టేసి, ఆ తర్వాత ఫోటోలు పంపేవాళ్లే ఎక్కువ.

గళ్లు ఒక్కోటి ఒక్కో సైజులో వస్తున్నాయి

ముందు కుట్లు లెక్కపెట్టండి. 41తో మొదలై రెండేసి తగ్గుతాయి కాబట్టి వరుస పూర్తయ్యాక సూది మీద ఎప్పుడూ బేసి సంఖ్యే ఉండాలి. సరి సంఖ్య వచ్చిందంటే ఎక్కడో కుట్టు జారింది, లేదా మూడు కలపాల్సిన చోట రెండే కలిపారు.

లెక్క సరిగ్గా ఉంటే సూది చూడండి. మన దగ్గర దొరికే సూదుల మీద తరచుగా పాత బ్రిటిష్ నంబర్లు ఉంటాయి. వాటిలో 8 అంటే 4 మి.మీ. అమెరికా వాళ్ల వీడియోలో 8 అంటే 5 మి.మీ. నంబరు ఒకటే కదా అని మధ్యలో సూదులు మారిస్తే దుప్పటి ఆ సంగతి దాచదు. మిల్లీమీటర్లే చూసుకోండి.

ఆ తర్వాత ఊలు. లేబుల్ మీద రెండూ ఫోర్ ప్లై అని ఉన్నా మందం ఒకటే అని నమ్మకండి. ఒక్కో రంగును పెన్సిల్‌కి 20 చుట్లు, లాగకుండా, పక్కపక్కన చుట్టి స్కేలుతో కొలవండి. తేడా ఉంటే ఒక రంగు మార్చడం తప్ప దారి లేదు.

చారల అంచున ఇంకో రంగు చుక్కలు

వెనక వైపు వరుసలో రంగు మార్చారు. ముందు వైపు వరుస మొదట్లోనే మార్చాలి. అంతే.

విడిగా చక్కగా ఉన్న గడి, పక్కదానికి కుట్టగానే కుచ్చిళ్లు

అసలు తలనొప్పి ఇది. దీనికి ఊలును తిడతారు, కుట్టిన విధానాన్ని తిడతారు, కుట్టినదంతా ఊడదీసి మళ్లీ కుడతారు. మళ్లీ అవే కుచ్చిళ్లు.

ఈ గడికి నాలుగు అంచులూ ఒకే రకం కాదు. మొదట ఎక్కించిన కుట్ల అంచు మధ్యలో మలుపు తిరిగి రెండు పక్కలవుతుంది. మిగతా రెండు పక్కలు వరుసల చివర్లతో ఏర్పడతాయి. ఆ మలుపు ఉన్న మూలను మొదలు మూల అనుకుందాం, ఆఖరి కుట్టు దగ్గరి మూలను ముగింపు మూల అనుకుందాం. మూడు కుట్లను ఒకటి చేసిన చోట్లన్నీ కలిసి కనిపించే తగ్గింపు గీత ఈ రెంటి మధ్యే నడుస్తుంది.

కుట్లు ఎక్కించేటప్పుడు చాలామంది చెయ్యి బిగుస్తుంది. దాంతో వరుసల పక్క 10 సెం.మీ. వస్తే, ఎక్కించిన పక్క 9 దగ్గరే ఆగిపోతుంది. గార్టర్ బాగా సాగుతుంది కాబట్టి చేతిలో పట్టుకుంటే ఈ తేడా కనబడదు. గళ్లన్నీ ఒకే దిక్కుకు పేర్చి కుట్టినప్పుడు ఒకదాని 9 పక్కన ఇంకోదాని 10 వచ్చి కూర్చుంటుంది. ఆ మిగులే కుచ్చిళ్లు.

చూసినా దొరక్కపోవడానికి కారణం మడత. అందరూ తగ్గింపు గీత మీదే మడుస్తారు, అక్కడ మడవడం సులువు కాబట్టి. అలా మడిస్తే ఎక్కించిన పక్క మీదికి ఎక్కించిన పక్కే వస్తుంది, రెండూ సమానంగానే ఉంటాయి. ‘గడి కరెక్టే’ అని పక్కన పెట్టేస్తారు. గీతకు అడ్డంగా, మొదలు మూల వెళ్లి ముగింపు మూల మీద పడేలా మడవండి. ఇప్పుడు పొట్టి పక్క బయటపడుతుంది.

ఇకమీద అల్లే గళ్లకు: లావు సూది మీద ఎక్కించమని సలహా ఇస్తుంటారు. నాకు దానిమీద నమ్మకం తక్కువ. దానివల్ల కుట్లు పొడుగవుతాయి కానీ కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం పెరగదు, అంచు పొడవు ఆ ఎడం మీదే ఆధారపడుతుంది. అదే సూది మీద, ఎక్కించిన ప్రతి కుట్టు పక్కనా చూపుడువేలు ఆనించి, ఆ తర్వాతే రెండోది బిగించండి. ఒక గడి అల్లి, అడ్డంగా మడిచి, సరిపోయాకే మిగతావి మొదలుపెట్టండి. వేలికి చుట్టి ఎక్కించేవాళ్లకు దీనికి రివర్స్‌లో, అంచు వదులై అలలు తేలుతుంది. పరీక్ష అదే.

ఇప్పటికే అల్లేసినవాటికి: తేడా అర సెంటీమీటరు లోపు అయితే రెండు చివర్లా, మధ్యలో పిన్నీసులు పెట్టి మిగులును సమానంగా పంచుతూ కుట్టండి. అంతకు కాస్త మించితే పేర్పు మార్చండి. నాలుగు గళ్ల ముగింపు మూలలు మధ్యలో కలిసేలా పెడితే వరుసల పక్కకు వరుసల పక్కే తగులుతుంది, ఈ నాలుగు గళ్ల ముక్కలకు బయట అంచులన్నీ ఎక్కించినవే. ఒకదానిలో ఒకటి ఒదిగిన చతురస్రాల డిజైన్ వస్తుంది, కుట్టు దగ్గర గొడవ ఉండదు. తేడా మరీ ఎక్కువైతే ఇదీ పనిచేయదు, ముక్క అంచులు లోపలికి లాక్కుని గిన్నెలా లేస్తుంది. అప్పుడు మొదటి వరుస కుట్లను సన్న సూది మీదికి తీసుకుని, ఎక్కించిన అంచును కత్తిరించి విప్పేసి, వదులుగా ముగించడమే. ఓపిక కావాలి, కానీ గడి మొత్తం విప్పడం కంటే నయం.

ఒకే ఒక పక్క పొట్టిగా ఉంది

తగ్గింపు గీత మీది మడత ఇక్కడ పనికొస్తుంది. వాడని రంగు పోగును అంచు వెంట పైకి తీసుకెళ్లేది వరుస మొదలయ్యే పక్కనే. దాన్ని గట్టిగా లాగితే ఆ పక్క ఒక్కటే కుంచించుకుపోతుంది. రంగు మార్చిన ప్రతిసారీ అంచును వేళ్లతో సాగదీసి పట్టుకుని, పోగును వదులుగా రానివ్వండి.

‘తడిపి ఆరేస్తే సర్దుకుంటుంది కదా?’

అసలు గొర్రె ఉన్ని అయితే కొంత సర్దుకుంటుంది. ఎక్కువమంది వాడేది యాక్రిలిక్ అనే కృత్రిమ ఊలు, అది నీళ్లకు లొంగదు. పిన్నులతో కొలతకు బిగించి, ఇస్త్రీ పెట్టెను తగలనివ్వకుండా పైనుంచి ఆవిరి పట్టించాలి. పెట్టె తగిలిందా, ఊలు మెరుపెక్కి చచ్చుబడిపోతుంది, మళ్లీ లేవదు. పొట్టి అంచును ఆవిరితో సాగదీద్దాం అనుకునేవాళ్లు ముందు ఒక పాడైన గడి మీద ప్రయత్నించండి.

డై లాట్ తేడా (ఒకే రంగు ఊలు వేరే విడతలో అద్దినప్పుడు ఛాయ మారడం), వంగిన సూది, ముదురు రంగు లేత రంగుకి అంటడం కూడా ఉంటాయి. వాటితో కుచ్చిళ్లు రావు. రంగు అంటుతుందని అనుమానం ఉంటే అల్లకముందే ఒక ముక్క తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూసుకోండి.