బుర్ర వేడెక్కితే బయటికెళ్ళండి, ఎలాగంటే

మనసు బాలేనప్పుడు ఫోన్ పట్టుకుని మంచం మీదే దొర్లుతాం కదా, దానికి బదులు చెప్పులేసుకుని చెట్లున్న చోటికి వెళ్ళండి. ఎంతసేపంటారా, ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మందిని అడిగి 2019లో వేసిన స్టడీలో వారానికి 120 నిమిషాలైనా ప్రకృతిలో గడిపేవాళ్ళే మేం బానే ఉన్నాం అని ఎక్కువగా చెప్పారు, అదీ ఒకేసారైనా ముక్కలుగా అయినా తేడా లేదట, కాబట్టి రోజుకో 20 నిమిషాలు చాలు. ఇయర్‌ఫోన్స్ మాత్రం తీసేయండి ప్లీజ్. ఆకులు, పిట్టలు, మబ్బులు చూడ్డానికి బుర్ర కష్టపడక్కర్లేదు, అందుకే దానికి రెస్ట్ దొరుకుద్ది.

పిల్లలుంటే మట్టిలో వదిలేయండి, బట్టలు పాడైతే పాడవనీండి. చెట్టెక్కుతుంటే ఊరికే "పడతావ్" అని అరవకుండా కింద నిలబడి చూస్తుండండి, ఎంతవరకు ఎక్కగలరో వాళ్ళే నేర్చుకుంటారు, ఆ ధైర్యం మనం చెప్తే వచ్చేది కాదు.

బయటికెళ్ళే వీల్లేదా, కుర్చీ కిటికీ వైపు తిప్పుకోండి. ఆపరేషన్ అయ్యాక కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్ళు, గోడ కనిపించినవాళ్ళ కంటే త్వరగా డిశ్చార్జ్ అయ్యారని రోజర్ ఉల్రిక్ 1984లోనే రాశారు.

రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే మాత్రం డాక్టర్‌ని కలవండి, వాకింగ్‌తో సరిపెట్టుకోవద్దు.